2024–25 వార్షిక నివేదిక: చిట్టా రాసిన ఏడాది

సభ్యులందరికీ నమస్కారం.

2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి దాకా మన విజయవాడ వన్‌టౌన్ చిరువ్యాపారుల సంఘం చేసిన పనుల వివరం ఇది. వేసవిలో చలివేంద్రం, దసరాకు భవానీలకు మజ్జిగ, వన్‌టౌన్ కాలువల పూడిక తీయించమని అర్జీలు ఎప్పటిలాగే జరిగాయి. వాటి ఖర్చులు ఆఫీసు బోర్డుకు అంటించాం, చూసుకోండి. ఈసారి ఎక్కువ చోటు, షాపు జమాఖర్చులు రాయడం నేర్చుకోవడానికి బుధవారం రాత్రి పెట్టుకుంటున్న లెక్కల కూటానికే ఇస్తున్నాను.

మనలో నోటిలెక్క రానివాళ్లు లేరు. కాళేశ్వరరావు మార్కెట్‌లో బేరం తెగేలోపు లాభం ఎంతో చెప్పేస్తాం. అదే నెలాఖరుకు ఎంత మిగిలిందని అడిగితే మాత్రం టెన్షన్. ఎందుకంటే షాపు డబ్బు, ఇంటి డబ్బు ఒకే గల్లాపెట్టెలో ఉంటాయి.

ఫ్యాన్సీ షాపు నడిపే సభ్యుడొకరు చీటీలన్నీ ఇనప చువ్వకు గుచ్చినవి గుచ్చినట్టే తెచ్చి బల్ల మీద పెట్టారు. ఒక్కొక్కటే తీసి మూడు కుప్పలు వేశాం: సరుకు, షాపు ఖర్చు, ఇల్లు. ఇంటి కుప్పలో గ్యాస్ బండ, పిల్లాడి ట్యూషన్, మేనకోడలి పెళ్లి చదివింపులు. షాపు ఖర్చు కుప్ప కన్నా అదే ఎత్తుగా లేచింది. ఆయన కాసేపు దానివంకే చూసి, "ఇన్నాళ్లూ బేరాలు తగ్గాయనుకుంటున్నానండీ" అన్నారు.

అక్కడి నుంచి ఒక్క లెక్కే అందరిచేతా వేయించాం. షాపు అద్దె 12,000, కుర్రాడి జీతం 10,000, కరెంటు, ఫోను, ఆటో కిరాయిలు కలిపి 5,000, ఇంటికి 25,000 అనుకోండి. మొత్తం 52,000. నెలకు 26 రోజులు షాపు తెరిస్తే రోజుకు 2,000 మిగలాలి. నూటికి 20 మిగిలే సరుకైతే రోజుకు 10,000 అమ్మాలి. మీ అంకెలు వేరే ఉంటాయి, పద్ధతి ఇదే. ఆ చివరి అంకెను గల్లాపెట్టె మూత లోపల రాసుకుంటే చాలు. ఇంటి డబ్బు ఒకటో తారీఖున జీతంలా ఒక్కసారే తీసుకోవాలి, మధ్యలో పెట్టెలో చెయ్యి పెట్టకూడదు. ఇది చెప్పినంత తేలిక కాదు, ఇంట్లోవాళ్లు కూడా ఒప్పుకోవాలి.

టైలరింగ్ చేసే సభ్యురాలొకరు ఇక్కడే అడ్డుపడ్డారు. "పని నాదే కదండీ, నాకు నేను కూలి ఇచ్చుకోవడమేంటి?" లైనింగ్ బ్లౌజుకు 400 తీసుకుంటే గుడ్డ, దారం, హుక్కులు పోను 300 లాభమని ఆమె లెక్క. రేపు పని పెరిగి మనిషిని పెట్టుకుంటే ఆ 300లోంచే కదా ఇవ్వాలి అని అడిగాం. ఆ తర్వాతి వారం రేటు పెంచి బోర్డు మార్చారు.

డైలీ ఫైనాన్స్ లెక్క వేసిన రాత్రి మాత్రం చాలాసేపు ఎవరూ లేవలేదు. పదివేలు అని రాయించుకుని తొమ్మిదివేలు చేతిలో పెడతారు. రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. వెయ్యే కదా పోయేది అనిపిస్తుంది. కానీ కట్టేకొద్దీ అసలు తగ్గిపోతూ ఉంటుంది కాబట్టి నికరంగా చూస్తే నెలకు నూటికి ఆరు రూపాయల వడ్డీ దాటుతుంది. రెండు రూపాయలకు తెచ్చుకోవడానికే వెనకాడే మనం దీనికి ఎలా తలూపుతున్నామో! అదే చిన్న వ్యాపారులకు బ్యాంకులు ఇచ్చే ముద్ర రుణాల్లో శిశు కింద 50,000 వరకు, కిశోర్ కింద 5 లక్షల వరకు ఇస్తారు. బ్యాంకువాళ్లు మొదట అడిగేది లెక్కలే.

సెప్టెంబరులో బుడమేరు వాగు ముంచినప్పుడు సింగ్‌నగర్ వైపు సరుకు దాచుకున్న మన సభ్యుల గోడౌన్లు మునిగాయి. పోయిన సరుకు ఎంతని అడిగితే, పుస్తకం ఉన్నవాళ్లు చూపించారు. లేనివాళ్లు గుర్తున్నంత చెప్పారు. పుస్తకమూ తడిసిపోయినవాళ్లున్నారు. అందుకే నెల మొదట్లో సరుకు జాబితా ఫోనులో ఫొటో తీసి ఇంకొకరికి పంపి పెట్టమంటున్నాం. సరుకుకు బీమా చేయించేవాళ్లు పాలసీలో వరద ఉందో లేదో చదివించుకోండి.

ఏడాదిలో అన్ని నెలలూ ఒకటి కావని మనకు చెప్పక్కర్లేదు. 2024 వేసవిలో మూఢం, ఆ వెంటనే ఆషాఢం రావడంతో పెళ్లి బేరాలు లేక బట్టల షాపులవాళ్లు ఈగలు తోలుకున్నారు. శ్రావణం, దసరా, సంక్రాంతి మిగులులోంచే అలాంటి నెలల అద్దె తీసి పక్కన పెట్టాలి. పంచాంగం చూసి బడ్జెట్ వేసుకోవడం మనకే కుదురుతుంది.

జీఎస్టీ గురించి రెండు ముక్కలు. చిన్న వ్యాపారులు మొత్తం అమ్మకంపై ఒకే రేటున పన్ను కట్టే కాంపోజిషన్ పద్ధతిలో ఉన్న సరుకు వ్యాపారులు అమ్మకంపై నూటికి రూపాయి చొప్పున, మూడు నెలలకోసారి, తర్వాతి నెల 18లోగా కట్టాలి. దాన్ని కొనేవాళ్ల దగ్గర విడిగా వసూలు చేయకూడదు కనుక ఏ రోజుది ఆ రోజే తీసి పెట్టండి. ఫోను పేమెంట్లకు భయపడేవాళ్లకు ఇంకో మాట: ఆదాయపు పన్నులో పూర్తి లెక్కలకు బదులు అమ్మకంలో ఇంత శాతం లాభమని చూపే చిన్న వ్యాపారులు నగదు అమ్మకంపై కనీసం 8 శాతం లాభంగా చూపాలి, బ్యాంకు ద్వారా వచ్చిన దానిపై 6 శాతం చాలు. క్యూఆర్ కోడ్ మాత్రం అబ్బాయి ఖాతాకు కాకుండా షాపు పేర ఉన్న ఖాతాకే పెట్టుకోండి.

కంప్యూటర్లో లెక్కల క్లాసు రెండో వారానికే చప్పబడింది. నా ఉద్దేశంలో రూళ్ల పుస్తకం, బాల్‌పెన్ను చాలు.

వచ్చే ఏడాది బుధవారం కూటాలు కొనసాగుతాయి. అరువు బాకీల వసూలు మీద విడిగా కూర్చుందాం, అది ఒక్క రాత్రిలో తేలేది కాదు. సంఘం చందా బాకీలున్న సభ్యులు దాన్ని కూడా నెల ఖర్చుల్లో ఒక వరుసగా రాసుకోవాలని మనవి.

ఇట్లు,
కార్యదర్శి