అమెరికా సిటిజన్‌షిప్ సివిక్స్ టెస్ట్ ప్రాక్టీస్: ఈ ఆదివారం మా ఇంట్లో

అందరికీ నమస్కారం. ఆదివారం ఉదయం 10కి వచ్చేయండి, టిఫిన్ మాదే.

ముందు మీ ఎన్-400 (సిటిజన్‌షిప్ దరఖాస్తు) రసీదు తేదీ చూసుకోండి. 2025 అక్టోబర్ 20కి ముందు ఫైల్ చేసినవాళ్లకు పాత 100 ప్రశ్నలే. 10 అడుగుతారు, 6 చెబితే పాస్. ఆ రోజు నుంచి ఫైల్ చేసినవాళ్లకు 128. 20లో 12 రావాలి.

అమ్మానాన్నలకు 65 దాటి, గ్రీన్ కార్డు వచ్చి 20 ఏళ్లయితే నక్షత్రం (*) గుర్తున్న 20 ప్రశ్నలు చాలు. ఇంటర్‌ప్రెటర్‌తో తెలుగులోనే చెప్పొచ్చు.

జవాబులు నోటితో చెప్పాలి కాబట్టి పైకి చదవండి. సుప్రీంకోర్టు జడ్జీలు తొమ్మిదిమందని తెలిసి కూడా మా అమ్మ టెన్షన్‌లో 'నైంటీ' అనేసింది!

గవర్నర్, సెనేటర్ల పేర్లకు పాత వీడియోలు నమ్మకండి, ఇప్పుడున్నవాళ్లవి రాసుకుని రండి.

వచ్చేవాళ్లు శుక్రవారం రాత్రిలోగా చెప్పండి, ఇడ్లీకి పప్పు నానబెట్టాలి.