సిల్వర్ ముఖం చూడగానే కథ అయిపోయింది

సంపాదకుల వారికి,

సాహస నవలలను పిల్లల కోసం కామిక్స్‌గా తేవాలంటూ మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. తేవాల్సిందే. ఎలా తెస్తున్నారన్నదే నా గొడవ. విజయవాడ గవర్నరుపేటలో పాతికేళ్లు డీటీపీ, అంటే కంప్యూటర్ మీద అచ్చుకి అక్షరాలు కూర్చే పని, చేసినవాణ్ణి, నాలుగో తరగతి చదివే పిల్లకి తాతని.

మొన్న మా మనవరాలికి 'ట్రెజర్ ఐలాండ్' అనే సముద్రపు దొంగల నిధి కథ కామిక్ కొనిపెట్టాను. ఇంగ్లిషు నుంచి తెలుగులోకి దించింది. ఎవరు వేశారో చెప్పనులెండి. పది పేజీలు తిప్పిందో లేదో, ఒంటికాలి సిల్వర్ మీద వేలు పెట్టి "తాతయ్యా, దొంగ వీడే" అనేసింది. పిల్ల తప్పేం లేదు. మెలి తిరిగిన కనుబొమలు, వంకర నవ్వు, బుగ్గ మీద కత్తిగాటు. మెడలో బోర్డు కట్టడం ఒక్కటే తక్కువ.

అసలు నవల రాసిన స్టీవెన్సన్ 1883 నాటి పుస్తకంలో చూపించిన సిల్వర్ వేరు. ఇంత పెద్ద ముఖం, తెలివైన చూపు, ఎప్పుడూ నవ్వు. కథ చెప్పే కుర్రాడు జిమ్‌కి ఒంటికాలి నావికుడంటే ముందునుంచే హడలు. నెలకో వెండి నాణెం తీసుకుని అలాంటివాడు వస్తాడేమోనని కాపలా కాసిన కుర్రాడు, వాడే కలలోకొచ్చి తరుముతుంటే నిద్రలో ఉలిక్కిపడ్డ కుర్రాడు. అంతటివాడూ బ్రిస్టల్ రేవులో సిల్వర్‌ని చూసి, ఇంత శుభ్రంగా, ఇంత మర్యాదగా ఉన్న మనిషి దొంగ ఎందుకవుతాడని సమాధానపడతాడు. మనమూ పడతాం. కథ నడిచేదే దాని మీద. చిత్రకారుడు ఒక్క గీతతో దాన్ని ముందే చెప్పేశాడు.

ఇక ఆపిల్ పీపా. ఓడ మీద ఒక ఆపిల్ కోసం పీపాలోకి దిగిన జిమ్, ఆ చీకట్లో కునుకు తీయబోతుంటాడు. ఎవరో పీపాకి వీపు ఆనించి కూర్చుంటారు. ఓడని కాజేసే కుట్ర మాటలు వినిపిస్తాయి, మనిషి కనిపించడు. ఆ గొంతు సిల్వర్‌ది! పైగా మధ్యలో, పీపాలోంచి ఒక ఆపిల్ తీసిమ్మంటాడు. చిన్నప్పుడు ఈ నవలకి నండూరి రామమోహనరావు గారి తెలుగు అనువాదం 'కాంచన ద్వీపం'లో అది చదువుతూ నేను ఊపిరి బిగబట్టాను. ఈ కామిక్‌లో మాత్రం సిల్వర్ ఎండలో నిలబడి చేతులూపుతూ ఉపన్యాసం ఇస్తున్నాడు. పేజీ మొత్తం నల్లగా ఉంచి, పీపా చెక్కల సందులోంచి ఒక్క వెలుగు గీత, పైన మాటల బుడగలు వేస్తే చాలదూ? ఇంకు ఖర్చు తప్ప నష్టమేముంది?

బుడగల సంగతి నా వృత్తికి సంబంధించింది గనక కాస్త ఓపిక పట్టండి. కామిక్స్‌లో ఇంగ్లిషు చాలావరకు పెద్దబడి (క్యాపిటల్) అక్షరాలు. అన్నీ ఒకే ఎత్తు, పైన గుడి లేదు, కింద వత్తు లేదు. వాటి కొలతకు గీసిన బుడగలో మన తెలుగు కుక్కితే ఏమవుతుంది? ఈ కథలోనే ఒకాయన 'స్క్వైర్ ట్రెలానీ'. ఆ 'స్క్వై' ఒక్కటే మూడంతస్తుల మేడ! పై వరుస వత్తులు కింది వరుస గుడుల మీద కూర్చున్నాయి. చోటు చాలక అక్షరాన్ని ఏడు పాయింట్లకు దించారు. నా కళ్లజోడుకే ఆనలేదు, పిల్ల ఎక్కడ చదువుతుంది? బొమ్మలు చూసి పక్కన పడేసింది. పెన్సిల్ గీతల దశలోనే తెలుగు మాటలు రాసుకుని, వాటికి తగ్గట్టు బుడగ గీసుకుంటే ఈ పాట్లు ఉండవు.

అమెరికాలో ఆల్బర్ట్ కాంటర్ 1941లో మొదలుపెట్టిన, పేరున్న నవలల్ని బొమ్మల కథలుగా వేసే 'క్లాసిక్ కామిక్స్'లో, ఇది చదివారుగా, అసలు పుస్తకం మీ బడి లైబ్రరీలోనో ఊరి లైబ్రరీలోనో తెచ్చుకుని చదవండి అని చివర్లో అచ్చేసేవారు. మనవాళ్లు ఆ చోట రంగు పెన్సిళ్ల ప్రకటన వేశారు.

ఇప్పుడు రాత్రుళ్లు మనవరాలికి 'కాంచన ద్వీపం' నేనే చదివి వినిపిస్తున్నాను. పీపా దాకా వచ్చాం. ఎవరైనా తెలుగులోనే మొదలుపెట్టి ఈ కామిక్ వేస్తానంటే, బుడగల్లో అక్షరాలు కూర్చిపెట్టడానికి సాయంత్రాలు నేను ఖాళీ. డబ్బులక్కర్లేదు.

ఇట్లు,
ఒక పాత డీటీపీ ఆపరేటర్,
విజయవాడ