‘ఉచిత వైఫై’ ఉంది సరే, ఎక్కడ?

సంపాదకులకు నమస్కారం.

నేను బడిలో భౌతికశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి. ఈమధ్య మా ఆవిడ, కొడుకు, కోడలితో కలిసి నాలుగు రోజులు ఓ కొండమీది హోటల్లో ఉండి వచ్చాం. హోటల్ పేరు రాయను, అక్కడి మనుషులు మంచివాళ్లు. నా తగాదా అంతా వాళ్ల ప్రకటనలోని ఒక్క ముక్కతోనే: ‘అన్ని గదుల్లో ఉచిత వైఫై’.

అది చూసే నేను సరేనన్నాను. పిల్లల కోసం రాసిన చిన్న సైన్సు పుస్తకం ప్రూఫులు దిద్ది, 40 పేజీల ఫైలు రెండో రోజు సాయంత్రానికల్లా ప్రెస్సుకు పంపుతానని మాటిచ్చి ఉన్నాను మరి.

గదిలో వైఫై నొక్కితే లాగిన్ పేజీయే రాలేదు. మా కోడలు ఫోన్ లాక్కుని, బ్రౌజర్లో ‘ఎస్’ లేని ఉత్త ‘హెచ్‌టీటీపీ’తో మొదలయ్యే అడ్రసు ఏదో కొట్టింది. అప్పుడు వచ్చింది. ‘ఎస్’ ఉన్న, అంటే తాళం వేసిన సైట్లను దారి మళ్లించడం ఆ లాగిన్ పేజీకి చేతకాదట, తాళం లేనిదాన్నైతే మళ్లిస్తుందట. ఈ వయసులో ఒక కొత్త పాఠం. ఆ పేజీ ఫోన్ నంబరు అడిగింది, ఇచ్చాను. ఓటీపీ పంపామంది. గదిలో మొబైల్ సిగ్నల్ ఉంటే కదా ఓటీపీ రావడానికి! సిగ్నల్ లేకనే కదా వైఫై కోసం తంటాలు!

‘డాబా మీదికి వెళ్లండి సార్, అక్కడ వస్తుంది’ అన్నాడు రిసెప్షన్ కుర్రాడు. మూడంతస్తులు ఎక్కాను. వచ్చింది. ఆయాసపడుతూ దిగి అంకెలు కొట్టేసరికి గడువు అయిపోయింది. రెండోసారి కోడలి నంబరు ఇచ్చి, నా ఫోన్‌తో ఆమెను కింద కిటికీ దగ్గర నిలబెట్టి, ఆమె ఫోన్‌తో నేను పైకెక్కి అంకెలు అరిచి చెప్పాను. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దంటారు. మాది హోటలంతా విన్నది.

ఇంత చేసినా ఫైలు 97 శాతం దగ్గర ఆగిపోయింది. గదిలో వైఫై గీతలు ఒకటో రెండో. అవి నిండుగా ఉన్నా లాభం ఉండేదో లేదో. ఆ గీతలు చెప్పేది మన ఫోనుకూ రూటర్‌కూ మధ్య సంగతి మాత్రమే. రూటర్ నుంచి బయటికి వెళ్లే లైను ఎంత ఇరుకో అవి చెప్పవు. రాత్రి తొమ్మిదింటికి అందరూ తిరిగొచ్చి ఒకేసారి ఫోన్లు తెరిస్తే ఆ ఇరుకులోనే అందరమూ తోసుకోవాలి.

రూటర్ ఎక్కడుందో చూద్దామని కిందికి వెళ్లాను. రిసెప్షన్లో స్టీలు బీరువా పక్కన, పెద్ద చేపల తొట్టి వెనకాల పెట్టారు! మైక్రోవేవ్ పొయ్యి నీళ్లను వేడెక్కించేది 2.45 గిగాహెర్ట్జ్ తరంగాలతో. వైఫై తరంగాల్లో ఒక రకం (బ్యాండు) కూడా 2.4 దగ్గరే. తొట్టెడు నీళ్లు ఆ తరంగాలను మింగేస్తాయి, ఇనుప బీరువా వెనక్కి కొడుతుంది. చేపలకేమీ కాదు లెండి, రూటర్ శక్తి పొయ్యి శక్తితో పోలిస్తే ఏపాటిది! రెండో బ్యాండు 5 గిగాహెర్ట్జ్ వేగంగానే ఉంటుంది కానీ గోడలు దాటడంలో దానికంటే 2.4 బ్యాండే నయం. మా గదికీ రిసెప్షన్‌కూ మధ్య నాలుగు గోడలు.

ఇక్కడ నా తప్పు కూడా ఒకటి ఒప్పుకోవాలి. మూడో రోజు కోడలు నా ఫోన్ తిరగేసి, ‘మామయ్యా, మీ ఫొటోలన్నీ బ్యాకప్ అవుతున్నాయి’ అంది. వైఫై దొరికితే చాలు, వాటంతటవే వెళ్లిపోయేలా ఎప్పుడో పెట్టుకున్నానట. నా ప్రూఫులకు అడ్డం పడింది నేను తీసిన మబ్బుల ఫొటోలే. ఆపేశాను. కాస్త మెరుగైంది, అంతే.

‘సెలవుల్లో కూడా ఇంటర్నెట్ ఎందుకండీ?’ అని మా ఆవిడలాగే మీ పాఠకులూ అడగొచ్చు. తిరుగు టికెట్టు ఫోన్లోనే, బ్యాంకు ఫోన్లోనే. ఆ హోటల్ బుకింగ్ రసీదు కూడా ఫోన్లోనే. మ్యాపు ఒక్కటే నన్ను ఏడిపించలేదు, ముందే దించి పెట్టుకున్నాను. మనం ఎక్కడున్నామో చూపే జీపీఎస్‌కు ఇంటర్నెట్ అక్కర్లేదు, ఉపగ్రహాల సంకేతాలు అందితే చాలు.

హోటళ్ల వాళ్లను నేను వేగం పెంచమనడం లేదు. కొండమీద లైను లాగడం ఎంత కష్టమో ఊహించగలను. ప్రకటనలో నిజం రాయమంటున్నాను. రిసెప్షన్లోనే వస్తుందా, గదిలోనా? గదికి ఎన్ని ఫోన్లు? లాగిన్‌కు ఓటీపీ కావాలా? ‘వైఫై రిసెప్షన్ వరకే’ అని రాసి ఉంటే ప్రూఫులు పంపాకే బయల్దేరేవాణ్ణి, లేదా ప్రెస్సు వాళ్లను వారం ఆగమనేవాణ్ణి. గదులు అద్దెకిచ్చే సైట్లలో వేడినీళ్లు ఏ వేళల్లో వస్తాయో రాస్తున్నారు. వైఫైకి మాత్రం ఒక చిన్న బొమ్మ వేసి వదిలేస్తున్నారు.

చివరి రోజు పొద్దున్నే ఆ కుర్రాణ్ణి బతిమాలి రూటర్‌ను తొట్టి వెనక నుంచి తీయించి బీరువా నెత్తిన పెట్టించాను. వైఫై వరండాలోని బల్ల దాకా బాగా వచ్చింది. అక్కడ కూర్చుంటే ఫైలు రెండు నిమిషాల్లో వెళ్లింది, మాటిచ్చిన గడువు దాటిన రెండు రోజులకు. గదిలోకి మాత్రం సరిగా రాలేదు. నిన్న రాత్రి మళ్లీ వాళ్ల ప్రకటన చూశాను: ‘అన్ని గదుల్లో ఉచిత వైఫై’.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు