టర్కీ తివాచీ: ముఖం కాదు, వీపు చూసి కొనండి

సంపాదకుల వారికి,

విజయవాడ, గుంటూరు గృహాలంకరణ దుకాణాల్లో, ఎగ్జిబిషన్లలో, ఫోన్లకు వచ్చే ప్రకటనల్లో తివాచీల మీద ఒకే చీటీ కనిపిస్తోంది: ‘టర్కీ, హ్యాండ్‌మేడ్, వింటేజ్’. చీటీ ఒకటే అయినా అవి మూడు వేర్వేరు మాటలు. ఒకటి నిజమైనంత మాత్రాన మిగతా రెండూ నిజం కావు. కొత్త ఇంటి హాలు కోసం వేలకు వేలు పోసేవారు మూడింటినీ విడివిడిగా తేల్చుకోవాలి. పావుగంట ఓపిక ఉంటే దుకాణంలోనే అది సాధ్యం.

ముందు ‘టర్కీ’ సంగతి. ఆ దేశపు ఆగ్నేయాన ఉన్న గాజీఅంటెప్ నగరం మిషన్ కార్పెట్లకు ప్రపంచంలోనే పేరుమోసిన కేంద్రం. పాలీప్రొపిలీన్, పాలియెస్టర్ దారాలతో నేసి, పశ్చిమ టర్కీలోని ఉషాక్ పట్టణపు పాత డిజైన్లను, వెలిసినట్టుండే రంగులతో సహా అక్కడ చక్కగా దింపేస్తారు. వాటి మీద ‘మేడ్ ఇన్ టర్కీ’ అని ఉంటుంది, అది అబద్ధమేమీ కాదు. చవకగా, ఉతకడానికి తేలిగ్గా ఉండే వస్తువు కావాలనుకుంటే కొనుక్కోవచ్చు కూడా. చేత్తో ముడివేసిన ఉన్ని తివాచీ ధర మాత్రం దానికి ఇవ్వకూడదు.

‘హ్యాండ్‌మేడ్’ ఇంకా జారుడు మాట. టఫ్టెడ్ కార్పెట్ తయారీలో గుడ్డను చట్రానికి బిగించి, చేత్తో పట్టుకున్న గన్నుతో ఉన్ని దారాన్ని గుచ్చుకుంటూ పోతారు. దారం ఊడిపోకుండా వెనక లేటెక్స్ జిగురు పూసి, ఆపైన ఇంకో గుడ్డ అతికిస్తారు. ఇందులో ముడి అన్నదే లేదు. గన్ను పట్టింది చెయ్యే కాబట్టి హ్యాండ్‌మేడ్ అంటారు. మన ఉక్కకు, వేడికి ఆ లేటెక్స్ కొన్నేళ్లలోనే ఎండి పొడిపొడిగా రాలుతుంది. తివాచీ ఎత్తినప్పుడల్లా నేల మీద పిండి, గదిలో రబ్బరు కంపు. జిగురు గీకేసి మళ్లీ పూయించడం తప్ప దానికి వేరే మరమ్మతు లేదు.

అందుకే తివాచీ పరచగానే ముందు వీపు చూడాలి. మంగళగిరి మగ్గాలు, ఏలూరు తివాచీలు పక్కనే ఉన్న మనకు పడుగు (నిలువు పోగులు), పేక (అడ్డపు పోగులు) కొత్త మాటలు కావు. టర్కీ ముడిలో రంగు దారం రెండు పడుగు పోగులనూ చుట్టుకుని, రెండు కొసలూ ఆ పోగుల మధ్య నుంచి పైకి వస్తాయి. ఒక వరుస ముడులు పూర్తయ్యాక పేక దాటించి, బరువైన దువ్వెనతో దట్టిస్తారు. అలా నేసిన దానికి ముందు ఎంత డిజైను ఉందో వెనకా అంతే కనిపిస్తుంది. వరుసలు కొంచెం ఎగుడుదిగుడుగా ఉంటాయి, ఒక పువ్వు పక్క పువ్వుకన్నా అర సెంటీమీటరు పొడవు ఉండవచ్చు. వీపంతా గుడ్డ కప్పి ఉంటే అది టఫ్టెడ్ అన్న అనుమానంతోనే మొదలుపెట్టాలి. ప్రతి వరుసా స్కేలు పెట్టి గీసినట్టు ఉంటే మిషన్. నూగును, అంటే పైకి నిలిచిన దారాల కొసలను, వేళ్లతో పాయ తీసి అడుగుదాకా చూడండి, పడుగును చుట్టుకున్న ముడులు వరుసగా కనిపించాలి. తర్వాత కుచ్చులు. పట్టుచీర కొంగు చివర పడుగు పోగులనే ముడివేసి కుచ్చులు చేస్తారు కదా, తివాచీకీ అంతే. కుచ్చులను విడిగా తెచ్చి కుట్టి ఉంటే అది మిషన్‌దో టఫ్టెడో అయినా కావాలి, లేదా చివర చిరిగిపోయిన పాత తివాచీ అయినా కావాలి. చిరిగిన పాతదైతే ఎంత మేర పోయిందో అడిగి ధర తగ్గించమనండి.

ఈ ముడి టర్కీ సొంతమేమీ కాదు. ఇరాన్‌లోని తబ్రీజ్‌లోనూ, కాకసస్ ప్రాంతంలోనూ ఇదే వేస్తారు. కాబట్టి ముడి ఒక్కటే చూసి దేశం తేల్చలేం. పడుగు, పేక కూడా చూడాలి. పాత టర్కీ పల్లెల తివాచీల్లో పడుగు, పేక సైతం ఉన్నివే, పేక తరచు ఎరుపు. పట్టణ కార్ఖానాల్లోను, తర్వాతి కాలపు నేతలోను పడుగు తెల్లటి నూలు.

ముడుల లెక్క గురించి అమ్మేవారు చాలా చెబుతారు. మీరే లెక్కపెట్టండి. వీపున 10 సెంటీమీటర్ల పొడవు, 10 సెంటీమీటర్ల వెడల్పు గుర్తుపెట్టి అడ్డంగా, నిలువుగా లెక్కించాలి. టర్కీ ముడి వెనక వైపు రెండు చిన్న బుడిపెల్లా కనిపిస్తుంది, ఆ జంటను ఒకటిగా లెక్కవేయకపోతే అంకె రెట్టింపు అవుతుంది. అడ్డం 32, నిలువు 34 వస్తే 1,088. దాన్ని వందతో హెచ్చిస్తే చదరపు మీటరుకు 1,08,800. పల్లె తివాచీకి ఇది మంచి లెక్కే. రాజప్రాసాదాల కోసం 1843లో స్థాపించిన హెరేకే కార్ఖానా పేరుతో వచ్చే పట్టు తివాచీల్లో అది పది లక్షలకు చేరుతుంది. అంతమాత్రాన ముడులు ఎక్కువైతే గొప్ప, తక్కువైతే నాసి అనుకోవద్దు. ఉషాక్ తివాచీల అందమే పెద్ద పెద్ద పువ్వుల్లో, మెత్తటి పొడవాటి నూగులో ఉంది, వాటికి దట్టమైన ముడి అక్కర్లేదు. హెరేకే అని అంచున నేసిన సంతకాన్ని కూడా గుడ్డిగా నమ్మకూడదు, ఆ సంతకంతో చైనాలో నేసినవీ ఉన్నాయి. టర్కీలోని కైసేరి పట్టణపు తివాచీల్లో పట్టులా మెరిసేదంతా పట్టు కాదు. మెరుపు వచ్చేలా మెర్సరైజ్ చేసిన నూలు, రేయాన్ కూడా వాడతారు. అమ్మేవారి అనుమతితో ఒక్క పోగు తీసి కాల్చి చూడండి. ఉన్ని, పట్టు వెంట్రుక కాలిన వాసన వేసి, నలిపితే బూడిదవుతాయి. నూలు, రేయాన్ కాగితం కాలిన వాసన వేస్తాయి. పాలీప్రొపిలీన్ కరిగి గట్టి పూసలా మిగులుతుంది.

ఇక ‘వింటేజ్’. వందేళ్లు దాటిన దాన్ని యాంటిక్ అంటారు, దానికన్నా తక్కువ వయసుండి ఒకటి రెండు తరాలు వాడిన దాన్ని వింటేజ్ అంటారు. ఇది వ్యాపారుల వాడుక మాత్రమే. కొత్త తివాచీని కూడా మందులతో కడిగి, నూగు కత్తిరించి పాతదానిలా చూపించవచ్చు. టర్కీలో అంతాల్యా దగ్గర దోషెమెఅల్తి పొలాల్లో వేసవి నెలల్లో వేల తివాచీలను ఎండకు పరిచి, రంగు తగ్గేదాకా ఉంచుతారు. అది మోసం కాదు, అక్కడ బాహాటంగా జరిగే పనే. కాని నూగు మరీ పొట్టిగా కత్తిరించినది, మందుకు ఉన్ని చచ్చినది మన కాలి కింద ఎక్కువ కాలం నిలవదు. నూగు పాయ తీసి చూస్తే కొన దగ్గర బూడిదరంగు, అడుగున ముదురు గులాబీ రంగు ఉండి, మధ్యలో కోసినట్టు మారితే రసాయనపు రంగు వెలిసిందని అర్థం. సహజ రంగు కూడా వెలుస్తుంది, అయితే మెల్లగా, ఒకే ఛాయలో.

ఆ సహజపు ఎరుపు మనకూ చుట్టమే. టర్కీలో దాన్ని మంజిష్ఠ జాతి మొక్క వేరు నుంచి తీస్తారు. మన బందరు, పెడన కలంకారీకి చిరివేరు నుంచి తీసేవారు. రెండింటిలోనూ ఎరుపునిచ్చే పదార్థం అలిజరిన్. 1868లో జర్మనీ రసాయన శాస్త్రజ్ఞులు గ్రేబె, లీబర్మన్ దాన్ని ప్రయోగశాలలో తయారుచేశాక అక్కడి వేర్ల సాగూ, ఇక్కడి చిరివేరు తవ్వకమూ పడిపోయాయి. టర్కీ పల్లెల్లో వేరు రంగును మళ్లీ నిలబెట్టడానికి 1981లో దోబాగ్ అనే ప్రాజెక్టు మొదలైంది. ఇంత చరిత్ర ఉంది కాబట్టే ‘నేచురల్ డై’ అన్న మాటకు ధర పలుకుతుంది. అయితే రసాయనపు రంగులన్నీ చెడ్డవి కావు. ఇరవయ్యో శతాబ్దంలో వచ్చిన క్రోమ్ రంగులు నీటికీ ఎండకూ బాగా ఆగుతాయి. తేల్చాల్సింది రంగు దిగుతుందా లేదా అన్నదే. తెల్ల నూలుగుడ్డ తడిపి పిండి ఎరుపు, నీలం, నలుపు మీద ఒక్కోచోట ఒక నిమిషం గట్టిగా అదమండి. గుడ్డకు రంగు అంటితే కొనవద్దు, మొదటిసారి నీళ్లు ఒలికిన రోజునే పక్కనున్న తెలుపు మీదికి పాకుతుంది. పాత తివాచీని మొత్తంగా ఒకే రంగులో ముంచి తీసినవి కూడా అమ్ముతున్నారు. వాటిని పొడిగుడ్డతోనూ రుద్ది చూడాలి.

అరిగిన చోట తెల్ల పడుగు కనిపించకుండా మార్కర్ పెన్నుతో దిద్దడం మామూలు. ముఖం వైపు ఎర్రగా ఉండి, పడుగు పోగులు కూడా అదే ఎరుపులో కనిపిస్తే దిద్దినట్టే. అతుకుల తివాచీ, అంటే పాతవాటి ముక్కలు కోసి వెనక గుడ్డ మీద కుట్టినది, ముక్కలు నిజంగా పాతవే అయినా కుట్లు ముందుగా తెగుతాయి, దానికి నిండు తివాచీ ధర లేదు. కిలిం మన జంపఖానాకు చుట్టం, నూగు ఉండదు. రంగు మారే చోట సన్నటి నిలువు సందులు ఉంటే అది చిరుగు కాదు, ఆ నేత పద్ధతే అంత.

చాలామంది చూడనిది ఒకటుంది, పడుగు కుళ్లు. ఏళ్ల తరబడి చెమ్మ పట్టిన నూలు పడుగు పైకి ఏమీ తెలియనివ్వదు. రెండు చేతులతో ఒక జానెడు మేర పట్టుకుని మెల్లగా వెనక్కి మడవండి. పటపటమని ఎండుటాకు విరిగిన చప్పుడు వస్తే లోపల పోగులు తెగుతున్నాయి. ముడి పోతే మళ్లీ వేయవచ్చు, కుళ్లిన పడుగుకు మందు లేదు. నాలుగు మూలల్లోను, మధ్యలోను ఈ పరీక్ష చేయాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లలో నానిన ఇళ్లున్న ఊరు మనది, నీట మునిగిన ఉన్ని తివాచీని వెంటనే ఎత్తి ఆరబెట్టకపోతే ఏమవుతుందో ఇక్కడ వివరించి చెప్పనక్కర్లేదు.

కొన్న తర్వాత పాడయ్యేది ఎక్కువగా మన అలవాట్ల వల్లే. రోజూ ఫినాయిల్ నీళ్లతో తడిగుడ్డ పెట్టి, నేల ఆరకముందే తివాచీ పరుస్తాం. మార్బుల్, టైల్స్ చెమ్మను అంతగా పీల్చవు, ఆ తడి అంతా నూలు పడుగు తాగుతుంది. నేల పూర్తిగా ఆరాక, కింద ఫెల్ట్ పరుపు వేసి పరవాలి. ఉన్ని క్షారానికి ఆగదు కాబట్టి బట్టల సబ్బుపొడి వాడకూడదు, ఎంజైములున్న పొడులు ఉన్నినే తింటాయి. పసుపు పడితే మరీ జాగ్రత్త. సబ్బు తగిలితే అది ఎర్రగా మారుతుంది. చల్లటి నీళ్లలో తడిపిన గుడ్డతో అద్దుతూ తీసి, మిగిలిన మరకను వెలుతురుకు వదిలేయాలి, పసుపు రంగు వెలుతురుకు ఆగదు. పురుగు చీకట్లో, కదలని చోట చేరుతుంది. సోఫా కింద ఉన్న తివాచీ భాగాన్ని నెలకోసారి తిరగేసి వీపు వైపు కూడా వాక్యూమ్ చేయాలి, వేసవిలో వీపు పైకి ఉండేలా గంటా రెండు గంటలు ఎండలో వేయాలి. బీరువాలో మడిచిపెట్టి నాలుగు కలరా ఉండలు పడేస్తే చాలదు. శుభ్రం చేసి, గుండ్రంగా చుట్టి, ప్లాస్టిక్ కాకుండా నూలుగుడ్డలో పెట్టాలి.

విదేశీ వెబ్‌సైట్ నుంచి సొంతంగా తెప్పించుకుందామనుకునేవారు రెండు విషయాలు చూసుకోవాలి. మన విదేశీ వాణిజ్య విధానం ప్రకారం యంత్రపరికరాలు కాని వాడిన సరుకు దిగుమతి ఆంక్షల కిందికి వస్తుంది, దానికి అనుమతిపత్రం కావాలి. టర్కీ కూడా పాత తివాచీలను మ్యూజియం ధ్రువపత్రం లేకుండా దేశం దాటనివ్వదు. వింటేజ్ అన్న మాట వాడే ఇక్కడి దుకాణదారు దగ్గర దిగుమతి కాగితాలు ఉండాలి. వాటిలో ముడి తివాచీ కస్టమ్స్ కోడ్ 5701తో, టఫ్టెడ్ 5703తో మొదలవుతాయి. నోటితో ఎన్ని చెప్పినా ఆ నాలుగంకెలు అసలు సంగతి చెబుతాయి.

దుకాణదారులకు మా విన్నపం ఇది. చీటీ మీద మూడు మాటలు రాసే బదులు బిల్లులో ఇవి రాయండి: ముడిదా టఫ్టెడా మిషన్‌దా, నూగు దేనితో, పడుగు దేనితో, ఎక్కడ నేసింది, సుమారు వయసు, కత్తిరింపు, రంగు ముంచడం, మరమ్మతు ఏమైనా జరిగాయా. రెండు చివర్లా వెడల్పు కొలిచి రాయండి, చేనేతలో అయిదు సెంటీమీటర్ల తేడా ఉంటే తప్పులేదు. కొనేవారు బిల్లు లేకుండా కొనవద్దు. బిల్లు ఇవ్వకపోవడం, లోపమున్న వస్తువును బిల్లులో చెప్పిన గడువులో, గడువు లేకపోతే 30 రోజుల్లో వెనక్కి తీసుకోకపోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద అనుచిత వ్యాపార పద్ధతులు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915.

– ఉన్ని తివాచీల మరమ్మతు పనివారం, వన్‌టౌన్, విజయవాడ