1971 గురించి నీ ప్రెజెంటేషన్ చదివాక

అమ్మలూ,

నీ డ్రాఫ్ట్ నిన్న రాత్రే చదివేశాను. బాగా రాశావు, కష్టపడ్డావని తెలుస్తోంది, కానీ మొదటి స్లైడ్‌లోనే "అమెరికా ఎప్పుడూ నియంతల వైపే" అని పెట్టావు చూడు, అది మాత్రం నాకు మింగుడుపడలేదు. ఆ మాటకి ఆధారాలు లేక కాదు. 1953లో ఇరాన్‌లో ప్రధాని మొసాదెక్‌ని దించడంలో అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ చెయ్యి ఉంది, చిలీలో అధ్యక్షుడు అయెందేని నిలవనివ్వకుండా చెయ్యగలిగిందంతా చేశారు, ఆ జాబితా పొడుగైనదే. అయినా "అమెరికా" అనే ఒక్క మాట దగ్గర ఆగిపోతే ఎవరు నిర్ణయించారు, ఏం కారణం చెప్పుకున్నారు, అదే ప్రభుత్వంలో కూర్చుని కాదన్నవాళ్లెవరు అన్నది ఎవరికీ తెలీకుండా పోతుంది. నువ్వెలాగూ 1971 బంగ్లాదేశ్ యుద్ధం తీసుకున్నావు కాబట్టి దాన్నే పట్టుకుని చెబుతాను.

1970 డిసెంబర్ ఎన్నికల్లో తూర్పు పాకిస్తాన్‌లో, అంటే ఇప్పటి బంగ్లాదేశ్‌లో, ముజిబుర్ రహమాన్ పార్టీ దాదాపు అన్ని సీట్లూ గెలిచింది, దేశం మొత్తానికి కూడా మెజారిటీ వాళ్లదే. పాకిస్తాన్ సైనిక పాలకుడు యాహ్యా ఖాన్ పార్లమెంటుని సమావేశపరచలేదు, వాయిదా వేస్తూ పోయాడు, చివరికి మార్చి 25 రాత్రి ఢాకా మీదకి సైన్యాన్ని వదిలాడు. యూనివర్సిటీ హాస్టళ్లలోకి చొరబడి కాల్చారు. ఇదంతా నీ స్లైడ్లలో ఉంది. లేనిదల్లా అప్పుడు ఢాకాలో ఉన్న అమెరికన్ కాన్సుల్ జనరల్ ఆర్చర్ బ్లడ్. ఇంటిపేరు అదే, బ్లడ్. ఆయనా ఆయన స్టాఫూ కళ్లారా చూసినవి, విన్నవి రోజూ వాషింగ్టన్‌కి పంపుతూనే ఉన్నారు. మార్చి 28న పంపిన టెలిగ్రామ్ శీర్షికలోనే జాతి నిర్మూలన అన్న మాట వాడేశారు. జవాబు లేదు. ఏప్రిల్ 6న ఇరవై మంది అధికారులు సంతకాలు పెట్టి ఇంకోటి పంపారు. ప్రజాస్వామ్యాన్ని అణిచేస్తుంటే మన ప్రభుత్వం ఖండించలేదు, దారుణాలు జరుగుతుంటే ఖండించలేదు, దీన్ని చాలామంది నైతిక దివాలా అనుకుంటారు అని, సొంత ప్రభుత్వానికి, ఉద్యోగంలో ఉండగానే, పేర్లతో సహా రాశారమ్మా. బ్లడ్ దాన్ని సమర్థిస్తున్నానని తన మాట కూడా కలిపి పంపాడు. ఆ కాగితం చదివిన ప్రతిసారీ నాకు ఒళ్లు జలదరిస్తుంది. కొన్నాళ్లకే ఆయన్ని ఢాకా నుంచి వెనక్కి పిలిపించి వాషింగ్టన్‌లో పర్సనల్ విభాగంలో కూర్చోబెట్టారు, కెరీర్ దెబ్బతింది.

ఇక రెండో కాగితం. అదే ఏప్రిల్ 28న జాతీయ భద్రతా సలహాదారు కిసింజర్ అధ్యక్షుడు నిక్సన్‌కి ఒక నోట్ పెట్టాడు, పాకిస్తాన్ విషయంలో మూడు దారులున్నాయని. నిక్సన్ మూడోదాని దగ్గర సంతకం పెట్టి, కింద తన చేతిరాతతో, ఇప్పుడు యాహ్యాని పిండొద్దు అని రాశాడు. అందులో "వద్దు" అన్నదాని కింద మూడు గీతలు గీశాడు. బ్లడ్ టెలిగ్రామ్‌నీ ఈ నోట్‌నీ ఒకే స్లైడ్ మీద పక్కపక్కన పెట్టు. నువ్వు ఏమీ చెప్పక్కర్లేదు, క్లాసు కాసేపు చూడనీ.

మరి ఎందుకలా చేశారు? చైనా కోసం. 1949 నుంచి బీజింగ్‌తో అమెరికాకి మామూలు సంబంధాలు లేవు, వాటిని తెరవాలని నిక్సన్ పట్టుదల, ఆ రహస్య ఉత్తరాలు మోసే మధ్యవర్తి యాహ్యా ఖాన్. జూలైలో కిసింజర్ పాకిస్తాన్ వచ్చి, కడుపునొప్పి అని అందరికీ చెప్పించి, కొండ మీద విశ్రాంతి తీసుకుంటున్నాడని నమ్మించి, 9వ తేదీ తెల్లవారుజామున బీజింగ్ విమానం ఎక్కేశాడు. 15న నిక్సన్ టీవీలో ఆ విషయం ప్రకటించేసరికి ప్రపంచం నోరెళ్లబెట్టింది. చైనాతో మాట కలపడం చిన్న విషయం కాదని నేనూ ఒప్పుకుంటాను, ప్రచ్ఛన్న యుద్ధం దారే మారిపోయింది దాంతో. కానీ రెండు సంగతులు ఆలోచించు. ఒకటి, యాహ్యా ఒక్కడే దారి కాదు, రొమేనియా ద్వారా కూడా కబుర్లు నడుస్తున్నాయి. రెండోది నాకు చాలా ముఖ్యం. జూలై దాటాక ఆ మధ్యవర్తి అవసరం తీరిపోయింది కదా, అయినా యాహ్యాని ఎందుకు వదల్లేదు? అప్పటికే శరణార్థులు లక్షలకొద్దీ బెంగాల్‌కి, త్రిపురకి వచ్చిపడుతున్నారు, చివరికి కోటి దాకా అయ్యారు. పాత స్నేహితుణ్ణి వదిలేస్తే చైనా మనల్ని నమ్మదు, భారత్ వెనక సోవియట్ ఉంది అన్నది వాళ్ల లెక్క. ఆ లెక్కలో ఢాకా వాళ్లు ఎక్కడా లేరు. నా కోపమంతా అక్కడే.

ఇందిరా గాంధీ నవంబర్‌లో వాషింగ్టన్ వెళ్లినప్పుడు నిక్సన్, కిసింజర్ ఇద్దరూ గదిలో కూర్చుని ఆవిడని ఎంత మాట అన్నారో నిక్సన్ ఆఫీసులో రికార్డయిన టేపుల్లో ఉంది, ఇక్కడ రాయడానికి నా చెయ్యి రాదు.

మన వైజాగ్ సంగతి నువ్వు ఎందుకు వదిలేశావో అర్థం కాలేదు. బీచ్ రోడ్డులో ఆ యుద్ధ స్మారకం విక్టరీ ఎట్ సీ దగ్గర చిన్నప్పుడు నీకు ఎన్ని ఫొటోలు తీశామో. డిసెంబర్ 3 అర్ధరాత్రి ప్రాంతంలో మన హార్బర్ బయట మునిగిపోయిన పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ అసలు అమెరికాది తెలుసా? దాని మొదటి పేరు యూఎస్ఎస్ డయాబ్లో, 1964లో పాకిస్తాన్‌కి లీజుకిచ్చారు. కమ్యూనిజాన్ని అడ్డుకోవాలని 1954లో కుదిరిన సైనిక ఒప్పందం పుణ్యమా అని అలాంటివన్నీ వచ్చాయి. సోవియట్‌ని ఆపడానికని ఇచ్చిన ఆయుధం మన విమాన వాహక నౌక విక్రాంత్‌ని వెతుక్కుంటూ మన రేవు ముందుకొచ్చింది. మన యుద్ధనౌక రాజ్‌పుత్ ముంచిందని మనం అంటాం, తమ మైన్లే పేలాయని పాకిస్తాన్ అంటుంది, లోపలున్న తొంభై మందికి పైగా పోయారు. నేనప్పుడు చిన్నపిల్లాణ్ణి, కిటికీలకి నల్ల కాగితాలు అంటించడం, దీపాలార్పుకుని మీ నానమ్మ పక్కన నక్కి కూర్చోవడం గుర్తు. ఇప్పుడు అదే బీచ్‌లో మ్యూజియంగా నిలబెట్టిన సబ్‌మెరైన్ కురుసురా సోవియట్ వాళ్లు కట్టింది. ఆగస్టు 9న మనమూ సోవియట్‌తో ఒప్పందం చేసుకున్నాం మరి. మన ప్రభుత్వం కూడా కేవలం జాలితో యుద్ధానికి దిగిందని రాయకు, కోటి మందిని పోషించే భారం ఉంది, పాకిస్తాన్‌ని రెండు ముక్కలు చేసే అవకాశమూ ఉంది, ఆ రెండూ రాయి.

డిసెంబర్ 10న నిక్సన్ ఎంటర్‌ప్రైజ్‌ని బంగాళాఖాతం వైపు కదిలించాడు, అణుశక్తితో నడిచే విమాన వాహక నౌక అది. అమెరికన్ పౌరుల్ని తరలించడానికి అన్నారు. అది వచ్చేలోపే ఢాకా పని అయిపోతోంది, 16న అక్కడి పాకిస్తాన్ సేనాధిపతి నియాజీ లొంగిపోయాడు. దీని మీద మూడు స్లైడ్లు పెట్టావు, ఒకటి చాలు. మిగతా చోటు బాల్టిమోర్‌కి ఇవ్వు. నువ్వున్న చోటికి గంట ప్రయాణమే కదా. ఆయుధాలు ఆపేశామని పైకి చెబుతూనే పాత లైసెన్సుల పేరుతో ఓడల్లో పంపుతున్నారని జూన్‌లో పేపర్లు బయటపెట్టాయి. జూలైలో పద్మ అనే పాకిస్తానీ ఓడ బాల్టిమోర్ రేవుకి వస్తుంటే, క్వేకర్లు (యుద్ధాన్ని వ్యతిరేకించే ఒక క్రైస్తవ శాఖ వాళ్లు), వాళ్ల స్నేహితులు చిన్న చిన్న కనూలూ కయాక్‌లూ వేసుకుని అంత పెద్ద ఓడకి అడ్డం వెళ్లారు. పోలీసులు పట్టుకెళ్లారు. రేవు కార్మికులు సరుకు ఎక్కించం పొమ్మన్నారు. వాళ్లకి ఢాకాలో చుట్టాలున్నారా, పక్కాలున్నారా? వీళ్లు అమెరికా కాదా అమ్మలూ? ఢిల్లీలో అమెరికా రాయబారిగా ఉన్న కీటింగ్ కూడా నిక్సన్ విధానం తప్పని మొహం మీదే చెప్పాడు, సెనేటర్ ఎడ్వర్డ్ కెన్నెడీ వచ్చి శరణార్థుల శిబిరాలు తిరిగి వెళ్లాడు. వీళ్లందర్నీ నీ మొదటి స్లైడ్ తుడిచేస్తోంది, అది నాకు బాధగా ఉంది.

ఈ కాగితాలన్నీ మనకి దొరుకుతున్నాయంటే వాళ్ల విదేశాంగ శాఖే అచ్చేయడం వల్ల. 1971 దక్షిణాసియా సంక్షోభం మీద ఒక పూర్తి సంపుటం ఉంది, 2005లో విడుదల చేశారు, ఆన్‌లైన్‌లో ఉచితం. ఇంకొకరి వ్యాసం నుంచి కోట్ తీసుకోకుండా అక్కణ్ణుంచే తీసుకో. చనిపోయినవాళ్ల సంఖ్య దగ్గర కూడా జాగ్రత్త, బంగ్లాదేశ్ 30 లక్షలంటుంది, వేరేవాళ్ల అంచనాలు చాలా తక్కువ, ఎవరి లెక్కో చెప్పి రాయి.

మీ రూమ్మేట్ ఢాకా అమ్మాయే కదా. వాళ్ల ఇంట్లో పెద్దవాళ్లు అప్పుడు ఎక్కడున్నారో ఆ అమ్మాయికి ఇష్టమైతేనే అడుగు, బలవంతపెట్టకు. ఢాకాలో అమెరికన్ సెంటర్ లైబ్రరీకి బ్లడ్ పేరు పెట్టారు, తను అక్కడ చదువుకుని ఉండొచ్చు.

శుక్రవారం ప్రెజెంటేషన్ అన్నావుగా. మార్చిన డ్రాఫ్ట్ బుధవారానికి పంపితే చూసి పెడతాను. టెన్షన్ పడకు, టైముకి తిను.

నాన్న