మందు ఆగిపోతుందని రోగికి ముందే చెప్పండి: ఆరోగ్య మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నాకు రెండు కళ్లలోనూ గ్లాకోమా. నీటికాసులు అంటే ఇంకొందరికి తెలుస్తుందేమో. పదకొండేళ్లుగా రోజూ పడుకోబోయే ముందు ఒక్కో కంట్లో ఒక్కో చుక్క లాటనోప్రాస్ట్ వేసుకుంటున్నాను. ఆ మధ్య సీసా అడుగంటి మందుల షాపుకి వెళితే "అది రావట్లేదండీ" అన్నారు. రెండో షాపులోనూ అదే మాట. మూడో షాపులో కుర్రాడు జాలిపడి, "ఇదీ కంటి ప్రెషర్‌దే, వాడి చూడండి" అని ఇంకో సీసా చేతిలో పెట్టాడు. పేరు చూస్తే టిమోలాల్. నాకు ఉబ్బసం ఉంది.

ఉబ్బసం ఉన్నవాళ్లు టిమోలాల్ వాడకూడదు. కంట్లో వేసిన చుక్క కన్నీటి నాళం గుండా ముక్కులోకి దిగి రక్తంలో కలుస్తుంది. ఊపిరి గొట్టాలను బిగిస్తుంది, గుండె వేగాన్ని తగ్గిస్తుంది. మా డాక్టరు గారు ఈ సంగతి మొదట్లోనే చెప్పారు కాబట్టి సీసా వెనక్కి ఇచ్చేశాను. కుర్రాడి మీద నాకు కోపం లేదు. అతనికి ఎవరూ ఏమీ చెప్పలేదు, నాకూ చెప్పలేదు.

ఈ జబ్బు గోల చేయదు, చిక్కంతా అక్కడే ఉంది. కంట్లో ఊరే నీరు సరిగా బయటికి పోక ఒత్తిడి పెరుగుతుంది, వెనకున్న నరం కొద్దికొద్దిగా చచ్చిపోతుంది. చాలామందికి నొప్పి ఉండదు. చూపు అంచుల నుంచి తరుగుతూ వస్తుంది, పోయింది మళ్లీ రాదు. పాత మందు ప్రభావం కొన్ని వారాల పాటు మెల్లగా తగ్గుతుంది కాబట్టి చుక్క మానేసిన మర్నాడు ఏమీ తెలియదు, ఆ మర్నాడూ తెలియదు. "దొరికినప్పుడు వేసుకుందాంలే" అనిపిస్తుంది. మిగిలిన నాలుగు చుక్కల్నీ రోజు విడిచి రోజు వేసుకోవాలనిపిస్తుంది. ఆ వారం నేనూ అదే చేశాను, తర్వాత డాక్టరు గారితో చీవాట్లు తిన్నాను. 2020 నాటికి ప్రపంచంలో సుమారు 7.6 కోట్ల మందికి ఈ జబ్బు ఉంటుందని అంచనా వేశారు. ఇంతమంది ఉన్నా మందు కరువైతే ఎక్కడా అలజడి కనిపించదు. మీ బల్ల మీదికి ఫిర్యాదులు రాకపోవడానికి కారణం అదేనని నా అనుమానం.

ప్రత్యామ్నాయాలు లేక కాదు. లాటనోప్రాస్ట్ లేకపోతే అదే జాతిలో ట్రావోప్రాస్ట్, బైమాటోప్రాస్ట్, టాఫ్లుప్రాస్ట్ ఉన్నాయి. వేరే జాతుల్లో డోర్జోలమైడ్, బ్రింజోలమైడ్, బ్రిమోనిడిన్ ఉన్నాయి. రెండు మందులు కలిపిన సీసా దొరకకపోతే డాక్టరు చేత చీటీ మార్పించుకుని విడివిడిగా రెండు సీసాలు తెచ్చుకోవచ్చు, చుక్కకీ చుక్కకీ మధ్య ఐదు నిమిషాలు ఆగాలి. కొందరికి లేజర్ కూడా దారే. 2019లో బ్రిటన్ నుంచి వెలువడిన అధ్యయనంలో, చుక్కల బదులు లేజర్‌తో చికిత్స మొదలుపెట్టినవారిలో 74 శాతం మంది మూడేళ్ల తర్వాత కూడా చుక్కలు లేకుండానే నెట్టుకొచ్చారు. అయితే ఎవరికి ఏది పడుతుందో కౌంటరు దగ్గర తేలే విషయం కాదు. బ్రిమోనిడిన్ పసిపిల్లలకు ప్రమాదం. డోర్జోలమైడ్ ఇచ్చే ముందు సల్ఫా జాతి మందులు ఒంటికి పడతాయో లేదో అడగాలి. మందు మార్చాక కొన్ని వారాలకు ఒత్తిడి మళ్లీ కొలిపించుకోవాలి. మూత రంగు చూసి మందును గుర్తుపట్టే పెద్దవాళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు, రంగు మారితే వాళ్లకి మందే మారిపోయినట్టు.

వీటన్నిటికీ కావలసింది వ్యవధి. అమెరికాలో ఇలాంటి ముఖ్యమైన మందు తయారీ ఆపేయదలచిన కంపెనీ వీలైతే ఆరు నెలల ముందే ప్రభుత్వానికి తెలపాలని చట్టం ఉంది. నిబంధన కాగితం మీద ఉండటం వేరు, ఆ కబురు నా దాకా రావడం వేరు. కంపెనీ మీకు చెప్పిన వారంలోపే కంటి డాక్టర్లకూ షాపులకూ తెలియాలి. ఏది ఆగిపోతోంది, ఎప్పటిదాకా, బదులుగా ఏమున్నాయి, ఎవరికి ఇవ్వకూడదు అన్నవి ఒక్క పేజీలో రాస్తే చాలు. అదే మందు, అదే మోతాదు ఇంకో కంపెనీది ఉంటే, కొరత ఉన్నన్నాళ్లూ పాత చీటీ మీదే ఇచ్చే వీలు ఫార్మసిస్టుకు ఉండాలి. జాతి మారే పక్షంలో మాత్రం డాక్టరు మాట లేకుండా ఇవ్వకూడదు. లాటనోప్రాస్ట్, టిమోలాల్ రెండూ ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలో ఉన్నవే కాబట్టి నేను గొంతెమ్మ కోరికలేమీ కోరడం లేదు.

ఇప్పుడు నేను వాడుతున్నది ట్రావోప్రాస్ట్. సీసా తెరిచి వారమైంది, నాలుగు వారాలకు పారేయాలి. ఇంకో మూడు వారాల్లో మళ్లీ అదే కౌంటరు ముందు నిలబడతాను. ఈసారి అక్కడున్న కుర్రాడి దగ్గర ఆ ఒక్క పేజీ ఉండేలా చూడండి.

ఇట్లు,
ఒక గ్లాకోమా రోగి