జట్టు మారితే ద్రోహమేనా?

సంపాదకులకు నమస్కారం.

హాకీ ఇండియా లీగ్‌లో పేరున్న ఆటగాడు జట్టు మారాడంటే చాలు, నిన్నటిదాకా జేజేలు కొట్టినవాళ్లే ‘డబ్బుకు అమ్ముడుపోయాడు’ అంటారు. బాధ నిజమే, కానీ నింద పడేది ఆ పని చేయనివాడి మీద. 2024 అక్టోబరు వేలంలో ఒక్కో పురుషుల జట్టుకు 4 కోట్ల రూపాయల పరిమితి పెట్టి, 24 మందిని కొనుక్కోమన్నారు. అందులో 8 మంది విదేశీయులు. ఆటగాడి చేతిలో ఉన్నది కనీస ధర చెప్పి పేరివ్వడం వరకే. ఏ ఊరికి ఆడాలో పాట తేలుస్తుంది. హర్మన్‌ప్రీత్ సింగ్ 78 లక్షలకు సూర్మా క్లబ్‌కు, గొంజాలో పెయిలాట్ 68 లక్షలకు హైదరాబాద్ తూఫాన్స్‌కు వెళ్లింది అలాగే.

కావాలని వెళ్లడం వేరు. అదీ అర్జెంటీనా వదిలి జర్మనీకి ఆడిన పెయిలాట్ కథే. 2016 రియో ఒలింపిక్స్ సెమీఫైనల్లో అర్జెంటీనా తరఫున జర్మనీపై హ్యాట్రిక్ కొట్టి, ఆ తర్వాత స్వర్ణం గెలిచాడు. 2023 ప్రపంచకప్ సెమీస్‌లో అదే జర్మనీ చొక్కాతో ఆస్ట్రేలియాపై హ్యాట్రిక్ కొట్టాడు. ప్యారిస్ ఒలింపిక్స్ క్వార్టర్స్‌లో సొంత దేశాన్ని ఎదుర్కొన్నప్పుడు మ్యాచ్ అయ్యాక తోపులాట కూడా జరిగింది. అర్జెంటీనా వాళ్ల కోపాన్ని నేను తప్పుపట్టను. జాతీయ జట్టును వేలంలో ఎవరూ కొనరు కదా.

డ్రాగ్ ఫ్లికర్ (బంతిని స్టిక్‌తో ఈడ్చి గోల్‌లోకి విసిరేవాడు) పోతే లోటు అంతగా ఎందుకు తెలుస్తుందంటే, పెనాల్టీ కార్నర్ (ఎదుటి జట్టు తప్పు చేస్తే గోల్ కొట్టడానికి దొరికే అవకాశం) ముగ్గురి పని. గోల్‌కు పక్కగా మైదానం చివరి గీత మీది నుంచి ఒకడు బంతిని తోస్తాడు, సర్కిల్ (గోల్ ముందు గీసిన అర్ధవలయం లాంటి గీత) బయట ఇంకొకడు ఆపుతాడు, మూడోవాడు అప్పటికే పరుగు మొదలుపెట్టి ఉంటాడు. బంతి జానెడు పక్కన ఆగినా అడుగు తప్పుతుంది, ఫ్లిక్ పైకి లేచిపోతుంది. గట్టిగా కొట్టేవాణ్ని ఆ స్థానంలో పెట్టి సరిపెట్టుకుందామంటే కుదరదు. మొదటి షాట్ హిట్ (స్టిక్‌తో బాదడం) అయితే బంతి 46 సెంటీమీటర్ల ఎత్తు లోపే గోల్ లైన్ దాటాలి. ఫ్లిక్‌కు ఆ కట్టుబాటు లేదు. లీగ్ నడిచేదేమో ఇంచుమించు నెల రోజులే, కొత్తవాడితో ఆ లయ కుదిరేలోపే సీజన్ అయిపోతుంది. ఆ కొత్తవాణ్నీ తిట్టడం మరీ అన్యాయం.

మీ క్రీడా పేజీకి ఒక విన్నపం. ఆటగాడు జట్టు మారిన వార్త వేసినప్పుడు యాజమాన్యం వదిలేసిందా, వేలంలో వేరేవాళ్లు కొన్నారా, తానే వెళ్లాడా అన్నది ఒక్క వాక్యంలో చెప్పండి.

— ఒక హాకీ అభిమాని, సికింద్రాబాద్